ఎర్ర గీత లోపలి ఊరు: బేర్ సరాయ్

ఢిల్లీ చరిత్ర అనగానే కోటలు, సమాధులు, లుట్యెన్స్ రూపొందించిన విశాలమైన రాజవీధులు స్ఫురణకు రావడం సహజం. అయితే నేటి నగరం విస్తరించిన నేలలో అధిక భాగం ఒకనాడు పంట పొలమేననీ, ఆ పొలాలను దున్నిన ఊళ్ళు ఇప్పటికీ నగరం నడుమనే ఉన్నాయనీ మనం తరచు విస్మరిస్తుంటాం. దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి.కీ, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ప్రాంగణానికీ చేరువలో ఉన్న బేర్ సరాయ్ అటువంటి ఊళ్ళలో ఒకటి. సివిల్ సర్వీసుల పరీక్షలకై ఢిల్లీ చేరిన తెలుగు యువతీయువకులలో అనేకులకు ఈ పేరు సుపరిచితమే. పాఠ్యగ్రంథాల దుకాణాలు, జిరాక్సు అంగళ్ళు, అద్దె గదులు ఈ ఊరి ఆనవాళ్ళు. సరాయ్ అంటే బాటసారుల విడిది. పేరుకు తగినట్టే నేటికీ ఇది పరదేశులకు ఆశ్రయమిస్తున్నది.

ఎర్ర సిరా గీత

1908-09 ప్రాంతంలో భూమిశిస్తు బందోబస్తు జరిగినప్పుడు రెవెన్యూ అధికారులు ఢిల్లీ గ్రామ పటాలపై ఇళ్ళున్న స్థలం చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశారు. దానికే ‘లాల్ డోరా’ అని పేరు. గీతకు వెలుపల ఉన్నది శిస్తు చెల్లించవలసిన సాగుభూమి. లోపల ఉన్నది శిస్తు లేని నివాస స్థలం, అనగా ఆబాదీ. శిస్తు రాని చోట ఎవరి వాటా ఎంతో విడివిడిగా నమోదు చేయవలసిన అగత్యం ఆనాటి ప్రభుత్వానికి తోచలేదు. మన గ్రామకంఠం భూముల సంగతి తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. శిస్తు వసూలు సౌకర్యం కోసం గీసిన గీత, అర్ధ శతాబ్దం తరువాత నగర భవితవ్యాన్ని నిర్ణయించే సరిహద్దు కావడమే ఇక్కడి విశేషం.

పొలం పోయింది, ఊరు మిగిలింది

దేశ విభజన దరిమిలా శరణార్థుల రాకతో ఢిల్లీ జనాభా 1941లోని సుమారు 9.18 లక్షల నుండి 1951 నాటికి 17.44 లక్షలకు పెరిగింది. అస్తవ్యస్తంగా పెరుగుతున్న నగరాన్ని అదుపులో పెట్టేందుకు 1957లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. 1894 నాటి భూసేకరణ చట్టం కింద 1959 నవంబరులో ఏకంగా 34,070 ఎకరాలకు ప్రకటన వెలువడింది. 1962 సెప్టెంబరు 1న తొలి మాస్టర్ ప్లాన్ అమలులోకి వచ్చింది. దక్షిణ ఢిల్లీ పొలాలలో విద్యాసంస్థలు, ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు, కాలనీలు వెలిశాయి.

సేకరణలో పొలాలు పోయినా ఆబాదీలను ముట్టుకోలేదు. పైగా 1963లో లాల్ డోరా లోపలి ఇళ్ళకు ప్లాను మంజూరు అవసరం లేకుండా మినహాయింపు లభించింది. పశువుల కొట్టానికీ, మట్టి గోడకూ రైతు కార్యాలయాల చుట్టూ తిరగనక్కరలేదన్న సదుద్దేశం అందులో ఉంది. కానీ పొలం కోల్పోయిన రైతుకు ఒక్కసారి చేతికందిన పరిహారం తప్ప జీవనాధారం మిగలలేదు. మిగిలిన ఆస్తి ఇల్లు ఒక్కటే. ఆ ఇంటిపైనే అంతస్తులు వేసి గదులు అద్దెకిచ్చాడు. చుట్టూ వెలసిన సంస్థలకు వచ్చే విద్యార్థులకూ, చిరుద్యోగులకూ తక్కువ అద్దెకు దొరికే ఒంటి గది కాలనీలలో అరుదు. ఆ లోటును ఊరు తీర్చింది. అనగా మాస్టర్ ప్లాన్ మరచిన అవసరాన్ని, మాస్టర్ ప్లాన్ మినహాయించిన ఊరే నెరవేర్చింది.

ఇతర నగరాల అనుభవం

ఈ పరిస్థితి ఢిల్లీకే పరిమితం కాదు. ఘానా రాజధాని అక్రాలో భూమిలో అధిక భాగం నేటికీ సంప్రదాయ పెద్దల, కుటుంబాల అధీనంలో ఉంది. వలస పాలకులు 1945లో తెచ్చిన పట్టణ ప్రణాళికా శాసనం స్వాతంత్ర్యానంతరం కూడా దీర్ఘకాలం కొనసాగినా, వాస్తవంగా నగరం పెరిగింది ఆ పెద్దలు పంచి ఇచ్చిన స్థలాలలోనే. హైదరాబాదులో సైతం 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప, కొత్త ఉద్యోగులకు మాదాపూర్ పరిసరాల పాత ఊళ్ళ వీధులలోని హాస్టళ్ళే తొలి నివాసాలయ్యాయి.

కర్తవ్యం

2007 నాటి మాస్టర్ ప్లాన్ ఢిల్లీలో 135 గ్రామాలను నగరీకృత గ్రామాలుగా పేర్కొని, ఆబాదీలలో నివాసంతోపాటు వ్యాపారాన్ని కూడా నిబంధనలతో అనుమతించింది. అయినా అగ్నిమాపక వాహనం దూరలేని సందు, వెలుతురు సోకని గది, హద్దులు తేలని హక్కు అనే చిక్కులు మిగిలే ఉన్నాయి. 2024 జూలై 27న పాత రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణ కేంద్రపు నేలమాళిగలోకి వరద నీరు చొరబడి ముగ్గురు అభ్యర్థులు మరణించారు. అది లాల్ డోరా గ్రామం కాదు. కనుక లోపమంతా ఊళ్ళదేనని, వాటిని కూల్చితే సరిపోతుందని భావించడం పొరపాటు.

గ్రామీణ ఆబాదీలను డ్రోన్లతో కొలిచి హక్కు పత్రాలిచ్చే స్వామిత్వ పథకం 2020లో ప్రారంభమైంది. నగరంలో కలిసిపోయిన ఊళ్ళకూ అటువంటి కొలత, నమోదు అవసరం. హక్కు తేలిన యజమానిని మెట్ల వెడల్పు, విద్యుత్తు భద్రత, మురుగు కాలువల విషయంలో బాధ్యుణ్ణి చేయవచ్చు. అందుకు తోడుగా ఊరి సమీపంలోనే విద్యార్థి వసతి గృహాలు నిర్మించాలి. శతాబ్దం క్రితం శిస్తు లెక్క కోసం గీసిన గీతను ఇకనైనా దాటి, ఆ ఇరుకు గదిలో దీపం పెట్టుకుని చదువుకునే అభ్యర్థిని నగర పౌరుడిగా లెక్కలోకి తీసుకోవలసిన బాధ్యత పాలనా యంత్రాంగంపై ఉంది. రేపటి అధికారులలో కొందరు ఆ గదులలోనే ఉన్నారు.