వీణ రికార్డుల శ్రవణం: టర్న్‌టేబుల్ కార్ట్రిడ్జ్ ఎంపిక, సవరణ

రికార్డు గాడిలో నడిచే ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పరికరాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. టర్న్‌టేబుల్ మీద అటూ ఇటూ తిరిగే చేతికి టోన్ ఆర్మ్ అని, దాని కొసన ఉండే పలకకు హెడ్‌షెల్ అని పేరు. కార్ట్రిడ్జ్‌ను ఈ పలకకే మరలతో బిగిస్తారు. ఇంట్లోని ఆడియో పరికరాలన్నిటిలోనూ రికార్డును నేరుగా చదివేది ఇదొక్కటే కాబట్టి, ఇక్కడ జారిపోయిన వివరాన్ని ఆ తరువాతి యాంప్లిఫయర్ గాని స్పీకర్లు గాని తిరిగి తేలేవు. అరిగిన ముల్లు, వంకరగా అమర్చిన ముల్లు వినికిడిని చెడగొట్టడంతో ఆగక గాడి గోడలను శాశ్వతంగా కోసివేస్తాయి. అందుచేత కార్ట్రిడ్జ్ ఎంపికలో ధర కంటే రికార్డుకూ టోన్ ఆర్మ్‌కూ అది కుదరడమే ముఖ్యం.

నేపథ్యం

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నవి గోదావరి డెల్టా ప్రాంతపు వైణికుల రికార్డులు. పంచారామాలలో ఒకటైన ద్రాక్షారామంలో 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రి, తండ్రి అచ్యుతరామశాస్త్రి వద్ద వీణ అభ్యసించి, మద్రాసు జెమినీ స్టూడియోలోను, ఆపైన ఆకాశవాణిలోను పనిచేసి, 1987లో మరణించారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో జన్మించారు. వీరిద్దరి వాదనా హెచ్.ఎం.వి. ముద్రతో లాంగ్ ప్లే రికార్డులుగా వెలువడింది.

వీణ నాదం కార్ట్రిడ్జ్‌కు కఠిన పరీక్ష. మీటు పడిన క్షణంలో నాదం ఒక్కసారిగా లేచి, ఆ తరువాత చాలాసేపు నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. ఆ తగ్గుదలలోనే తీగను మెట్టు మీద లాగి గమకం పలికిస్తారు. మీటును ముల్లు సరిగా అందుకోలేకపోతే స్వరం మొదట్లో చిరచిర వినబడుతుంది. నాదం సన్నగిల్లే చోట గాడి రొద ఎక్కువైతే గమకపు చివరి భాగం అందులో కలిసిపోతుంది. మధ్య షడ్జమం 165 హెర్ట్జ్ అనుకుంటే అనుమంద్ర పంచమం తీగ సుమారు 62 హెర్ట్జ్ వద్ద మ్రోగుతుంది కాబట్టి, మంద్ర స్థాయి కూడా నిండుగా పలకవలసి ఉంటుంది.

కార్ట్రిడ్జ్ రకాలు

పాత సూట్‌కేసు ప్లేయర్లలో ఎక్కువగా ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్. ఒత్తిడికి విద్యుత్తు పుట్టించే స్ఫటిక స్వభావం గల పదార్థంతో పనిచేసే ఈ రకం వందల మిల్లీవోల్టుల సంకేతం ఇస్తుంది గనుక దీనికి సాదా యాంప్లిఫయర్ సరిపోతుంది. అయితే ముల్లు గాడి మీద 4 నుంచి 6 గ్రాముల దాకా బరువు మోపుతుంది. మూవింగ్ మాగ్నెట్ రకంలో ముల్లును మోసే సన్నని కడ్డీ, అంటే కాంటిలీవర్, వెనుక కొసన ఉన్న అయస్కాంతాన్ని కదిలించగా, స్థిరంగా ఉన్న తీగచుట్టలలో 3 నుంచి 5 మిల్లీవోల్టుల సంకేతం పుడుతుంది. దీని ముల్లును వినియోగదారుడే ఊడదీసి మార్చుకోవచ్చు. ఇళ్లలో వాడుకకు ఈ రకమే అనుకూలం. మూవింగ్ కాయిల్ రకంలో తీగచుట్టే కదులుతుంది; సంకేతం సాధారణంగా అర మిల్లీవోల్టు లోపే ఉండి, అదనపు వర్ధనం అవసరమవుతుంది, ముల్లు అరిగితే కార్ట్రిడ్జ్‌నే తయారీదారుకు పంపవలసి వస్తుంది. జపాన్ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. కోసం 1960ల మొదట్లో రూపొందిన డెనన్ డి.ఎల్.-103 ఈ రకానికి పేరుపడిన ఉదాహరణ.

ముల్లు కొస, రికార్డు గాడి

ముందుగా తేల్చుకోవలసింది రికార్డు ఏ కాలానిదన్నది. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుల గాడి వెడల్పైనది. దానికి 65 నుంచి 75 మైక్రాన్ల వ్యాసార్థం గల కొస కావాలి. కొలంబియా సంస్థ 1948లో ప్రవేశపెట్టిన లాంగ్ ప్లే రికార్డు గాడి సన్ననిది. మోనో రికార్డుకు 25 మైక్రాన్ల కొస, స్టీరియో రికార్డుకు 18 మైక్రాన్ల కొస ప్రామాణికమయ్యాయి. లక్క రికార్డు మీద లాంగ్ ప్లే ముల్లు పెడితే అది గోడలను తాకక అడుగున దొర్లుతూ రొదనే వినిపిస్తుంది.

భారతదేశపు హెచ్.ఎం.వి. రికార్డుల మీద ఇ.సి.ఎల్.పి. అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఉంటే అది మోనో, ఇ.సి.ఎస్.డి. అని ఉంటే స్టీరియో. మోనో గాడిలో సంగీతం అడ్డంగా మాత్రమే చెక్కి ఉంటుంది; నిలువు కదలిక అంతా దుమ్ముదీ గీతలదీ. కాబట్టి స్టీరియో కార్ట్రిడ్జ్‌తో మోనో రికార్డు వినేటప్పుడు యాంప్లిఫయర్ మీద మోనో మీట నొక్కితే రెండు చానళ్లు కలిసి ఆ రొద చాలావరకు రద్దవుతుంది.

కొస ఆకారాలలో గోళాకారం సరళమైనది, అమరికలో చిన్న తప్పులను ఓర్చుకుంటుంది. దీర్ఘవృత్తాకారపు కొస గాడిలోని సన్నని మలుపులను మరింత దగ్గరగా అనుసరిస్తుంది. షిబాటా, మైక్రోలైన్ వంటి సన్నగీత కొసలు గాడి గోడను పొడవునా తాకుతాయి గనుక, సిరామిక్ ప్లేయర్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన రికార్డులలో పాత ముల్లు అరగదీయని భాగాన్ని కొన్నిసార్లు చదవగలుగుతాయి. కాని అమరికలో కొద్ది తేడానైనా అవి సహించవు.

టోన్ ఆర్మ్‌తో పొత్తు

ముల్లు ఎంత సులువుగా కదులుతుందో తెలిపే అంకెను కంప్లయన్స్ అంటారు. టోన్ ఆర్మ్ ప్రభావ ద్రవ్యరాశిని, కార్ట్రిడ్జ్ బరువును, మరల బరువును గ్రాములలో కూడి, ఆ మొత్తాన్ని కంప్లయన్స్‌తో గుణించి, వచ్చిన దాని వర్గమూలంతో 159ని భాగిస్తే ఆ జంట అనునాద పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో తెలుస్తుంది. ఉదాహరణకు 10 గ్రాముల ఆర్మ్‌కు, 7 గ్రాముల కార్ట్రిడ్జ్, 1 గ్రాము మరలు తగిలించినప్పుడు, కంప్లయన్స్ 20 అయితే, ఫలితం సుమారు 8.4 హెర్ట్జ్. ఇది 8, 12 హెర్ట్జ్‌ల మధ్య ఉండడం మేలు: అంతకు తగ్గితే వంగిన రికార్డు ఎత్తుపల్లాలకు ఆర్మ్ ఊగుతుంది, బాగా పెరిగితే మంద్ర స్వరాలను తాకుతుంది. జపాన్ తయారీదారులు తరచుగా కంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ వద్ద కొలుస్తారు కాబట్టి, ఆ అంకెను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసి ఈ లెక్కలో వాడాలి.

సవరణ క్రమం

టర్న్‌టేబుల్‌ను మట్టం చూసి నిలిపిన తరువాత చేయవలసిన మొదటి పని ముల్లు బరువు సరిచూడడం. నేటి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లు చాలావరకు 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య పనిచేస్తాయి. రికార్డు అరగకూడదని బరువు మరీ తగ్గించడం పొరపాటు. తేలికైన ముల్లు బలమైన మీటు దగ్గర గోడ నుంచి ఎగిరి, మళ్లీ తగిలేటప్పుడు గాడిని దెబ్బతీస్తుంది. తయారీదారు చెప్పిన హద్దులో పై సగమే క్షేమం.

రెండవది కోణం. ఇరుసు మీద తిరిగే ఆర్మ్ వృత్తఖండంలో కదులుతుంది గనుక, ముల్లు గాడికి పూర్తిగా సమాంతరంగా ఉండేది రెండు చోట్ల మాత్రమే. బేర్‌వాల్డ్ పద్ధతిలో అవి కేంద్రం నుంచి 66.0, 120.9 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. గీతలు అచ్చువేసిన పలకను పళ్లెం మీద పరిచి, ఈ రెండు బిందువుల వద్దా కాంటిలీవర్ గీతతో కలిసేదాకా కార్ట్రిడ్జ్‌ను జరిపి మరలు బిగిస్తారు. లాంగ్ ప్లే రికార్డు అంచున గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు, లోపలి చివర సుమారు 21 సెంటీమీటర్లు మాత్రమే సాగుతుంది. అంతే సంగీతం తక్కువ నిడివిలో ఇరుక్కోవడం వల్ల కోణం తప్పిన దోషం అక్కడే బయటపడుతుంది. పక్క చివర, వరుస మీటులతో లయగా సాగే తానం వచ్చే వీణ రికార్డు ఉంటే సవరణను పరీక్షించడానికి అది బాగా పనికివస్తుంది.

ఆ తరువాత ఆర్మ్‌ను రికార్డుకు సమాంతరంగా ఉండే ఎత్తులో నిలిపి, ఎదుట నుంచి చూసినప్పుడు ముల్లు నిటారుగా ఉండేటట్లు సరిచేసి, చివరగా ఆర్మ్‌ను కేంద్రం వైపు లాగే బలానికి ఎదురుగా పనిచేసే యాంటీ స్కేటింగ్‌ను అమర్చాలి. కుడి చానల్‌లో ముందుగా చిరచిర వస్తే అది చాలలేదని అర్థం. బరువు, కోణం ఒకదాన్నొకటి మారుస్తాయి కాబట్టి అన్నీ అయ్యాక మొదటి కొలతను మళ్లీ చూడాలి.

వేగం, ఫోనో ప్రీ యాంప్లిఫయర్

అమెరికాలో స్థిరపడిన బంధువుల నుంచి వచ్చే పాత టర్న్‌టేబుళ్ల విషయంలో వోల్టేజి మార్చుకుంటే చాలదు. సింక్రనస్ మోటారు 60 హెర్ట్జ్ సరఫరాకు తయారైనదైతే 50 హెర్ట్జ్ మీద 33⅓కు బదులు సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగజారుతుంది. దానికి తగిన పుల్లీ వేయాలి. రికార్డు నడిమి రంధ్రం ఒక్క మిల్లీమీటరు పక్కకున్నా, కేంద్రం నుంచి 100 మిల్లీమీటర్ల దగ్గర శ్రుతి ఒక్కొక్క వైపుకు ఒక శాతం, అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో ఆరో వంతు, ఊగుతుంది. ఈ ఊపు వాద్యకారుని గమకం కాదని గుర్తించాలి.

రికార్డు చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు. 1954 నుంచి వాడుకలో ఉన్న ఆర్.ఐ.ఎ.ఎ. వక్రరేఖ ప్రకారం దాన్ని తలకిందులు చేసి సంకేతాన్ని పెంచేదే ఫోనో ప్రీ యాంప్లిఫయర్. మూవింగ్ మాగ్నెట్‌కు 47 కిలోఓమ్‌ల నిరోధం ప్రామాణికం. సన్నని హోరు వినిపిస్తే టర్న్‌టేబుల్ గ్రౌండ్ తీగను ప్రీ యాంప్లిఫయర్‌కు బిగించారో లేదో ముందుగా చూడాలి.

డెల్టా వాతావరణంలో సంరక్షణ

తేమ ఎక్కువగా ఉండే గోదావరి డెల్టాలో వానకాలం వచ్చేసరికి అట్టలకూ గాళ్లకూ బూజు పడుతుంది, హెడ్‌షెల్ పిన్నులు నల్లబడతాయి. రికార్డులను నిలువుగా, గోడకు ఎడంగా పెట్టి, వాడే ముందు తుడవాలి. వినైల్ రికార్డుకు పనికివచ్చే ఆల్కహాల్ ద్రావణం లక్క రికార్డును కరిగిస్తుంది కాబట్టి దానికి ఎన్నడూ వాడకూడదు. వజ్రపు ముల్లు సుమారు 500 నుంచి 1000 గంటలు నిలుస్తుంది. అయితే కాంటిలీవర్‌ను పట్టి ఉంచే రబ్బరు వాడకున్నా గట్టిపడుతుంది గనుక, అలమరలో ఏళ్లుగా ఉన్న కార్ట్రిడ్జ్‌ను విలువైన రికార్డు మీద పెట్టేముందు కొత్త ముల్లు వేయడం అవసరం. ఖర్చు పెట్టే వరుసలో మొదటి స్థానం కొత్త ముల్లుకు, రెండవది సరైన అమరికకు, ఆ తరువాతే ఖరీదైన కార్ట్రిడ్జ్‌కు ఇవ్వాలి. యాంప్లిఫయర్‌నైనా స్పీకర్‌నైనా మార్చుకోవచ్చు. మళ్లీ అచ్చుకాని వీణ రికార్డులో కోసుకుపోయిన గాడిని పూడ్చే సాధనం లేదు.