జైహింద్ ఎవరి నోట పుట్టింది?

నంద్యాలలో గానీ, ఆళ్ళగడ్డలో గానీ మేం ఇల్లు బాడుగకు అడిగితే ముందు పేరు అడుగుతారు. పేరు విన్నాక మీ సొంతూరు ఏది అంటారు. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడే మా నాలుక ఎటు మొగ్గుతుందో అని చూస్తుంటారు. జెండా పండగనాడు మా పిల్లలు జైహింద్ అంటే కొందరికి ముచ్చట, కొందరికి అనుమానం.

ఆ జైహింద్ సంగతే మాట్లాడుకుందాం.

ఆబిద్ హసన్ 1911లో హైదరాబాదులో పుట్టాడు. ఇంజినీరింగు చదవడానికి జర్మనీ పోయాడు. 1941లో సుభాస్ చంద్రబోస్ బెర్లిన్ చేరాక చదువు పక్కనపెట్టి వలంటీరుగా ఆయన వెంట నడిచాడు. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు చిక్కిన మన సిపాయిలతో అక్కడ ఒక ఫౌజు తయారైంది. ఆ ఫౌజు చేత హిట్లర్ పేరు మీద కూడా ప్రమాణం చేయించారు. ఆ మచ్చను మేం దాచం.

జర్మన్ల కళ్ళకు ఆ సిపాయిలంతా ఒక్కటే. వాళ్ళలో వాళ్ళకే వేరువేరు. ఒకరు సలాం అంటే ఒకరు రాంరాం, ఇంకొకరు సత్ శ్రీ అకాల్. బ్రిటిషువాడు వాళ్ళను మతాలవారీగా, కులాలవారీగా విడగొట్టి నడిపాడు. పరాయిదేశంలో ఒక్కటిగా బతకాలంటే అందరి నోటా పలికే పలకరింపు ఒకటి కావాల్సొచ్చింది. ఆబిద్ ఇచ్చిన మాట జైహింద్. అంతకుముందే చెంపకరామన్ పిళ్ళై అన్నాడని చెప్పేవాళ్ళూ ఉన్నారు. కానీ అది ఫౌజు పలకరింపు అయింది మాత్రం ఆబిద్ చలవే. తర్వాత ఆగ్నేయాసియా ఫౌజులో బంతి భోజనాలు కూడా ఒకటయ్యాయి.

1943 ఫిబ్రవరిలో బోసుతో పాటు జలాంతర్గామి ఎక్కిన భారతీయుడు ఆబిద్ ఒక్కడే. మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారి, మే నెలలో సుమత్రా గట్టు చేరారు. 1944లో ఇంఫాల్ పోరు, ఆ తర్వాత జైలు. కాషాయం రంగును తన పేరులో కలుపుకుని ఆబిద్ హసన్ సఫ్రానీ అయ్యాడు.

దేశం రెండు ముక్కలైంది. బోసు చివరి ప్రయాణంలో పక్కనున్న హబీబుర్ రహమాన్ పాకిస్తాన్‌ను ఎంచుకున్నాడు. ఆబిద్ ఇక్కడే ఉన్నాడు. దౌత్యవేత్తగా డెన్మార్క్ దాకా పోయి, తిరిగి హైదరాబాదు చేరి, 1984లో కన్నుమూశాడు.

ఈ కథను మేం సర్టిఫికెట్టుగా చూపించడం లేదు. ఆబిద్ లాంటివాడు ఒక్కడూ పుట్టకపోయినా ఈ నేల మాదే. దేశభక్తికి రుజువులు తెమ్మనే హక్కు ఎవరికిచ్చారు? మా సీమ పల్లెల్లో హిందువులు పీర్లు ఎత్తుతారు, బిడ్డలకు హుసేనప్ప అనీ, మస్తానమ్మ అనీ పేర్లు పెట్టుకుంటారు. బెర్లిన్‌లో కొత్తగా నేర్చుకోవాల్సొచ్చిన కలివిడి మా ఊళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసినదాన్ని మరిచిపొమ్మని ఇప్పుడు ఎవరు నేర్పుతున్నారో, అది అడగండి.