రాతి అచ్చులో రాతిశిల్పము

చట్రములో బిగించిన పాత ఫ్రెంచి లితోగ్రాఫులలో చర్చి శిల్పములు తరచు కానవచ్చును. రాతిశిల్పమునకు రాతి అచ్చే దొరకినదనవలెను. నున్నని సున్నపురాతిపై జిడ్డుసుద్దతో బొమ్మ గీసి, నీటితో తడిపి, సిరా పూయుదురు. జిడ్డుగీతలకే సిరా అంటును. 1790ల చివర బవేరియాలో సెనెఫెల్డరు కనిపెట్టిన విద్య యిది.

విప్లవకాలమున ఫ్రాన్సులో మఠములు అమ్ముడుపోయినవి. నార్మండీలోని జుమియేజ్ మఠమును కొన్నవారు దానిని రాతిగనివలె వాడుకొనిరి. మిగిలినదానినైన కాగితమున నిలుపుదమని బారన్ టేలరు, నోడియే ప్రభృతులు 1820లో చిత్రసంపుటముల ప్రచురణకు పూనుకొనిరి. అది 1878 దాక సాగెను. శిథిలములపై తీగలను చిత్రకారులు కొంచెము ధారాళముగనే పాకించిరని మాకు తోచును.

ఓతన్ కతీడ్రలు కథ వేరు. ద్వారముపైని 12వ శతాబ్దపు తీర్పుదిన శిల్పము తమకు రుచింపక, అచటి మతాధికారులే 1766లో దానిని గచ్చుతో మూసివేసిరి. ముందునకు పొడుచుకొనివచ్చిన క్రీస్తు శిరస్సును తొలగించిరి. ఆ గచ్చే విప్లవకాలపు సుత్తులనుండి మిగిలినదానిని కాచినది! 1837లో గచ్చు ఊడ్చిరి. శిరస్సు మాత్రము 1948లో గాని మొండెమును చేరలేదు. కావున ఆ ద్వారచిత్రము శ్రోతల కెచటనైన కనబడినచో ముందు క్రీస్తు మెడపై చూడవలెను. ఆ నడిమికాలమున ఉన్నదున్నట్లు గీసినదైనచో అందు శిరస్సుండదు.