గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ ఎవరెవరికి తెరుచుకుంటోంది?
ఉద్యోగుల ఆధార్, పాన్ కాపీలను గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టి, లింకును ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పంపారా? అయితే ఒకసారి ‘షేర్’ నొక్కి ‘జనరల్ యాక్సెస్’ చూడండి. అక్కడ ‘ఎనీవన్ విత్ ద లింక్’ అని ఉంటే, ఆ లింకు చేతికందిన ఎవరైనా లాగిన్ కాకుండానే ఫోల్డర్ తెరవొచ్చు. వెంటనే ‘రిస్ట్రిక్టెడ్’కు మార్చండి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు చిక్కు పేర్ల జాబితాలో ఉంటుంది. ఉద్యోగం మానేసినవారి సొంత జీమెయిల్ అందులో ఉంటే, ‘రిస్ట్రిక్టెడ్’ చేసినా వారికి ఫోల్డర్ తెరుచుకుంటూనే ఉంటుంది. ఆ పేరు పక్కన ‘రిమూవ్ యాక్సెస్’ ఎంచుకోవాలి.

చూడటానికి మాత్రమే అయితే ‘వ్యూయర్’ చాలు. ‘ఎడిటర్’ ఇస్తే ఫైళ్లు మార్చడమే కాదు, మామూలుగా ఇతరులకు షేర్ కూడా చేయగలరు. ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్న కాపీలను మాత్రం ఏ సెట్టింగూ వెనక్కి తేలేదు.