లియొనార్డో గారి దరఖాస్తు

మన ఇళ్ళల్లో బయోడేటా అనే కాగితం రెండు పనులకు పనికొస్తుంది. ఒకటి పెళ్ళికి, రెండోది ఉద్యోగానికి. అందుకేనేమో ఒకదాని వాసన రెండోదానికి అంటుకుంటూ ఉంటుంది. ఉద్యోగానికి రాసిన కాగితంలో తండ్రిగారి హోదా, అన్నదమ్ముల ఉద్యోగాలు, ఒక్కోసారి అమ్మాయి ఎత్తు కూడా కనిపిస్తాయి. చివర హాబీలు సరేసరి: పుస్తకపఠనం, సంగీతం వినడం. ‘రెజ్యుమే’ అన్న ఫ్రెంచి మాటకు సారాంశం అని అర్థం. ‘కరికులం విటే’ అన్న లాటిన్ మాటకు జీవనగమనం అని అర్థం. మనవాళ్ళు ఎందుకో ఈ రెండోదాన్నే గట్టిగా పట్టుకుని, పుట్టిన ఊరు దగ్గర్నుంచీ మొదలుపెడతారు.

ఉద్యోగం కోసం రాసిన కాగితాల్లో లోకమంతా చెప్పుకునేది ఒకటుంది. రాసింది లియొనార్డో డా విన్సీ. ఇప్పటికి అయిదువందల నలభై ఏళ్ళు దాటింది. 1482 ప్రాంతంలో, ముప్ఫయ్యో ఏట, ఆయన ఫ్లారెన్సు వదిలి మిలాన్ వెళ్ళాడు. అక్కడ అధికారం చెలాయిస్తున్న లుడోవికో స్ఫోర్జా కొలువులో చేరాలని ఆయన ఆశ. అందుకోసం తయారుచేసిన ఉత్తరం ముసాయిదా ఇప్పటికీ మిలాన్ నగరంలోని ఆంబ్రోసియానా గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

చిత్రకారుడు కదా, బొమ్మల సంగతితో మొదలుపెట్టి ఉంటాడనుకుంటాం. అబ్బే! మొదటి అంశం వంతెనలు. తేలికగా ఉండి, ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోయి, శత్రువును తరమడానికి పనికొచ్చే వంతెనలు. తర్వాత కోటల ముట్టడిలో కందకాల్లోంచి నీళ్ళు తోడే ఉపాయాలు, ఫిరంగులు, చప్పుడు కాకుండా తవ్వే సొరంగాలు, పైకప్పున్న యుద్ధరథాలు, ఓడలు. ఇలా తొమ్మిది అంశాలూ యుద్ధానివే. పదో అంశంలో గానీ శాంతికాలం రాదు. అందులో భవనాలు, నీటి కాలవలు, ఆ తర్వాత శిల్పాలు. బొమ్మలు వేయడం గురించి అన్నిటికన్నా ఆఖరున ఒక్క ముక్క: అందులో తాను ఎవరికీ తీసిపోనని.

ఎందుకిలా రాశాడు? స్ఫోర్జాల వంశం కత్తి పట్టి పైకొచ్చిన వంశం. లుడోవికో తండ్రి ఫ్రాన్సిస్కో కిరాయి సైన్యాలు నడిపి మిలాన్ డ్యూక్ అయినవాడు. అలాంటి ఇంట్లో ఆయుధాలు తెలిసినవాడికున్న గిరాకీ కుంచె పట్టినవాడికి ఎక్కడిది? కాబట్టి లియొనార్డో తనకేం ఇష్టమో రాయలేదు, ఆయనకేం కావాలో రాశాడు. మనం చేసే తప్పు సరిగ్గా ఇక్కడే. చదివేవాడికి అక్కర్లేనివి ముందు పేర్చి, కావలసింది రెండో పేజీ అడుగున దాస్తాం. ఒకే కాగితాన్ని కార్బన్ కాపీలాగా ఇరవై చోట్లకు పంపుతాం. అది స్కూల్లో టీచరు పనికీ అదే, బ్యాంకుకీ అదే.

ఆయన రాయనివి చూడండి. తండ్రి నోటరీ అన్న సంగతి లేదు. తల్లిదండ్రులకు పెళ్ళి కాలేదన్న సంగతీ లేదు. ఫ్లారెన్సులో వెరోకియో అంతటి గురువు దగ్గర పనిచేశానని కూడా లేదు. అంతకుముందు 1481లో సన్యాసుల మఠంవారు పురమాయించిన పెద్ద చిత్రాన్ని సగంలో వదిలేసి వచ్చాడు. దానికి సంజాయిషీ లేదు. పిల్లల కోసం ఏడెనిమిదేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరిన ఇల్లాలు ఆ ఖాళీకి ఒక పేరా నిండా క్షమాపణలు రాస్తుంది. ఎందుకమ్మా? సంవత్సరాలు ఉన్నవి ఉన్నట్టు వేసి, ఇప్పుడేం చేయగలవో ముందు చెబితే చాలదా? తేదీలు మార్చి కప్పిపెట్టడం మాత్రం వద్దు. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు.

ఇంకో ముచ్చట. లియొనార్డో ఎడమచేత్తో, కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూసి చదవాల్సినట్టు రాసుకునేవాడు. ఈ ముసాయిదా మాత్రం మామూలుగా, వేరొకరి చేతిరాతలో ఉంది. అంత మేధావే ఇంకొకరి సాయం తీసుకున్నాడు. మన కాగితం పంపేముందు మరో మనిషి చేత ఒకసారి చదివించడానికి నామోషీ దేనికి? స్పెల్లింగు తప్పులు రాసినవాళ్ళ కంటికి ఆనవు మరి.

అలాగని ఆయన రాసిందంతా నమూనాగా పెట్టుకోమనను. గొప్పలు బాగానే ఉన్నాయి. ఆ రథాలూ ఫిరంగులూ చాలావరకు కాగితం మీదే ఉండిపోయాయి. అయితే ఉత్తరం చివర, నమ్మకం లేకపోతే మీ తోటలోనే చేసి చూపిస్తానన్నాడు. అదీ ధైర్యం! లుడోవికో తండ్రి స్మారకంగా కంచు గుర్రం పోతపోస్తానని కూడా రాశాడు.

తీరా కొలువులో చేరాక చేసిన పనులు వేరు. 1490లో రాజబంధువుల పెళ్ళి సంబరానికి రంగస్థలం అలంకరించాడు. గుర్రానికి ఇరవై అడుగులు మించిన మట్టి నమూనా చేస్తే, 1493లో జనం విరగబడి చూశారు. 1494లో దానికని కూడబెట్టిన కంచు కాస్తా ఫిరంగులకు పోయింది. 1499లో మిలాన్‌ను పట్టుకున్న ఫ్రెంచి విలుకాళ్ళు ఆ మట్టి గుర్రాన్ని గురి చూసి కొట్టి పాడుచేశారు.

దరఖాస్తులో ఆఖరున ఒక్క ముక్కగా రాసిన ఆ బొమ్మల పనిని మాత్రం 1495 నుంచి 1498 దాకా ఒక మఠం భోజనశాల గోడమీద చేశాడు. అదే ‘చివరి విందు’. దాన్ని చూడాలంటే ఇప్పుడు ముందుగా టికెట్టు కొనుక్కోవాలి. లోపల ఉండనిచ్చేది పదిహేను నిమిషాలే.