కాందిశీకుడు

పాత పేపర్లలో తరచూ కనబడే ఈ మాట చోటును ఇప్పుడు చాలావరకు ‘శరణార్థి’ ఆక్రమించింది. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు’ అని. ఎటు పోవాలో తోచక పరుగెత్తేవాడు కాందిశీకుడు. అడిగిన ప్రశ్నే మనిషికి పేరైపోయింది! మన తెలుగులో దిక్కంటే ఆసరా కూడానూ. ‘నువ్వే దిక్కు’ అంటాం కదా.

తెలుగువాళ్లకు ఈ మాటను బాగా అలవాటు చేసింది బర్మా. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాక అక్కడి భారతీయులు లక్షల్లో బయల్దేరారు. వాళ్లలో రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికి వెళ్లిన కోస్తా జిల్లాలవాళ్లు ఎందరో. ఓడలో చోటు దొరకనివాళ్లు కొండదారులు పట్టి నడిచారు. కలరా, మలేరియా, ఆకలి చాలామందిని దారిలోనే మింగేశాయి. 1962లో అక్కడ సైనిక పాలన వచ్చాక మరో విడత జనం తరలివచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉంది.

‘శరణార్థి’లో చేతులు జోడించిన దీనత ఉంది. నాకది అంతగా నచ్చదు. ఆశ్రయం కోరడం హక్కని 1948 మానవ హక్కుల ప్రకటన 14వ అధికరణమే చెప్పింది. ప్రాణభయం ఉన్న చోటికి తిప్పి పంపకూడదన్నది 1951 శరణార్థుల అంతర్జాతీయ ఒప్పందం. మన దేశం దానిపై సంతకం పెట్టలేదు. అయినా 1996లో, అరుణాచల్‌లో తలదాచుకున్న చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, పౌరులు కానివాళ్లకూ రాజ్యాంగం 21వ అధికరణం వర్తిస్తుందని చెప్పి, వాళ్లను తరిమేయకుండా కాపాడమని అరుణాచల్ ప్రభుత్వాన్ని ఆదేశించింది.