యుద్ధక్రీడలో మంత్రగాడు

చరిత్రలో జరిగిన యుద్ధములను ఆటగా ఆడునపుడు జరిగినది జరిగినట్లే చూపవలెనా, లేక మంత్రములకును మాయలకును రాక్షసులకును అందు తావీయవచ్చునా అను వివాదము, అంతర్జాలము మూలమున దేశదేశములవారు కూడి ఆడు నేటి కంప్యూటరు క్రీడలలో ఎంత తీవ్రముగా సాగుచున్నదో, ఆ క్రీడలయందు ప్రవేశము లేనివారి ఊహకందదు. రెండవ ప్రపంచయుద్ధపు సైనికుని చొక్కాకు గుండీ తేడాగా కుట్టినను ఓర్వలేనివారిదొక పక్షము. రెక్కల సింహము నెక్కి ఆకాశమున విహరింపనిదే అది ఆటయే కాదనువారిది వేఱొక పక్షము. ఈ తగవు కంప్యూటరుతోనే పుట్టినదని ఉభయులును తలంతురు. నిజమునకు ఈ రెండు పక్షములకును మూలపురుషుడొక్కడే. ఆతడు ప్రష్యా దేశపు సైనికోద్యోగి.

ఆ ఉద్యోగికి ముందు మన చదరంగము కలదు. భారతదేశమున చతురంగమను పేర పుట్టి, పారశీక, అరబ్బు దేశముల మీదుగా ఐరోపా చేరిన ఈ క్రీడను, 1780లో బ్రన్స్విక్ నగరమందలి హెల్విగ్ అను పండితుడు చేపట్టి, అరువదినాలుగు గడులను వేయికి మించిన గడులుగా పెంచి, వానికి కొండలు, నదులు, చిత్తడినేలలు సూచించు రంగులు పూసి, యువకులకు యుద్ధవిద్య నేర్పు సాధనముగా మార్చెను. అయినను గడి గడియే. నిజమైన సేన గడులు లెక్కించుకొని నడవదు. ఈ లోపమును తొలగించినవారు రైస్విట్జ్ వంశపు తండ్రీకొడుకులు. తండ్రి 1812లో ప్రష్యా రాజగు మూడవ ఫ్రెడరిక్ విల్హెల్మునకు, సొరుగులు గల పెద్ద బల్లయొకటి చేయించి, దానిమీద కొండలను, లోయలను, గ్రామములను పలకలుగా పేర్చుకొనునట్లు అమర్చి సమర్పించెను. ఫిరంగిదళమున లెఫ్టినెంటుగా నున్న కుమారుడు 1824లో ఆ వైభవమునంతయు ప్రక్కనబెట్టి, ఎనిమిది వేలకొకటి ప్రమాణమున గీసిన పటములపై ఆడదగు నిబంధనలను అచ్చువేయించెను. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషముల కాలమునకు సమానము. ఆ రెండు నిమిషములలో పదాతి ఎంత దూరము నడువగలదో, అశ్వదళమెంత దూరము పరుగిడగలదో, అంతకు మించి బిళ్ళ కదలరాదు. కాల్పుల ఫలితమును పాచికలు తేల్చును. ఎదిరి సేన ఎచట నున్నదో ఆటగాండ్రకు పూర్తిగా తెలియదు. మధ్యస్థుడొక్కడే సర్వము నెఱిగి, ఎవరి కంటికి ఏది కనబడదగునో దానిని మాత్రమే పటముపై నుంచును. నేడు ఆన్‌లైన్ క్రీడలలో సర్వరు చేయుచున్న పని యంతయు నాడు ఈ మధ్యస్థుడు చేసెను. ప్రష్యా సేనాధిపతులలో ముఖ్యుడైన మ్యూఫ్లింగ్ దీనిని చూచి మెచ్చి, సైన్యమునకంతకును సిఫారసు చేసెను.

సైనికశాలలలో పుట్టిన ఈ విద్య గృహములలోనికి వచ్చుటకు చాల కాలము పట్టెను. ఆంగ్ల నవలాకారుడు హెచ్.జి. వెల్స్ 1913లో సీసపు సైనికులను, స్ప్రింగుతో కఱ్ఱముక్కలను ప్రేల్చు బొమ్మ ఫిరంగులను నేలపై పఱచి ఆడు విధానమును ‘లిటిల్ వార్స్’ అను పుస్తకముగా వ్రాసెను. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ స్థాపించిన ఆవలాన్ హిల్ సంస్థ 1958లో గెట్టిస్‌బర్గ్ యుద్ధమును అట్టపెట్టెలో పెట్టి అమ్మెను. ఇట్లు ఏర్పడిన యుద్ధక్రీడాభిమానుల లోకములో చరిత్రజ్ఞానమే ప్రతిష్ఠ. ఏ దళము ఏ రంగు కాలరు ధరించినదో చెప్పలేనివానికి అచట మర్యాద లేదు.

ఆ లోకములోనికి మంత్రగాడు ప్రవేశించిన తీరు విచిత్రమైనది. విస్కాన్సిన్ రాష్ట్రమందు లేక్ జెనీవా అను చిన్న పట్టణములో గ్యారీ గైగాక్స్ అనునతడుండెను. బీమాసంస్థలో ఉద్యోగము పోగా బూట్లు బాగుచేసి సంసారమీడ్చిన కాలమందును ఆతడు యుద్ధక్రీడలను విడువలేదు. 1971లో జెఫ్ పెరెన్ అను మిత్రునితో కలసి ‘చెయిన్‌మెయిల్’ అను నిబంధనావళిని ప్రకటించెను. అది మధ్యయుగపు ఐరోపా సమరములకై వ్రాసినది; బల్లెములు, కవచములు, కోట ముట్టడులు, అన్నియు చరిత్రానుగుణములే. కాని పుస్తకము చివర పదునాలుగు పుటల అనుబంధమొకటి చేర్చబడెను. దానిలో రాక్షసులు, మహాసర్పములు, మంత్రగాండ్రు కలరు.

ఆ పదునాలుగు పుటలను నిదానముగా చదివినవారికి ఒక సంగతి తెల్లమగును. మంత్రగాడు విసరు అగ్నిగోళము ఎంత మేర పడునయ్యా యనగా, రాళ్ళు రువ్వు పెద్ద యంత్రము దెబ్బ ఎంత మేర పడునో అంత మేర. ఆతడు ప్రయోగించు పిడుగో, ఫిరంగి దెబ్బతో సమానము. వీరుడు నలుగురు భటుల పెట్టు. మహావీరుడు ఎనమండుగురి పెట్టు. అనగా మాయ ఆకాశమునుండి ఊడిపడలేదు. ఫిరంగికి గడ్డము తగిలించి, పొడవైన అంగీ తొడిగి, మంత్రగాడని పేరు పెట్టిరి. చరిత్రాభిమానులలో కొందఱు మొగము చిట్లించిరి, కొందఱు నవ్వి ఊరకుండిరి. కాని అరుగుమీద తలదాచుకొనుటకు వచ్చిన ఆ బాటసారి మూడేండ్లు తిరుగకమున్నే ఇల్లంతయు ఆక్రమించుకొనెను.

మిన్నెసోటా రాష్ట్రమున ఇంకొక బృందము కలదు. అందు డేవిడ్ వెస్లీ 1969లో నెపోలియను కాలపు కల్పిత జర్మను పట్టణమొకటి సృష్టించి, ఆటగాండ్రకు సేనలకు బదులు ఒక్కొక్క మనిషి పాత్రను, నగరాధ్యక్షునిగానో విద్యార్థి నాయకునిగానో, అప్పగించెను. అదే బృందమందలి డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని ఒక కోటక్రింది సొరంగములలోనికి దింపి అందు భూతములను నింపెను. వీరుడు ఒక్క దెబ్బకే చచ్చుట ఆటగాండ్రకు రుచింపకపోగా, అమెరికా అంతర్యుద్ధమునాటి ఇనుపరేకుల ఓడల ఆటనుండి, ఎన్ని దెబ్బలకు ఓడ మునుగునో లెక్కించు పద్ధతిని తెచ్చి మనుష్యదేహమునకు అంటగట్టితినని ఆర్నెసనే పిమ్మట చెప్పియున్నాడు. ఇప్పుడు మన పిల్లలు సెల్‌ఫోనులో ‘హెచ్‌పీ అయిపోయింది’ అని కేకవేయునపుడు వారు తెలియకయే ఆ ఓడల లెక్క చెప్పుచున్నారు. గైగాక్స్, ఆర్నెసన్ కలసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను వేయి ప్రతులు అచ్చువేయించిరి. పెట్టెమీద అది మధ్యయుగపు అద్భుత యుద్ధక్రీడల నిబంధనావళి యనియే వ్రాసియుండెను.

నాలుగేండ్లకు, 1978లో, ఇంగ్లండునందలి ఎస్సెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనువారు పెక్కుమంది ఒకే కాలమున ఒకే కల్పితలోకమున సంచరింపదగిన ఆటను విశ్వవిద్యాలయపు కంప్యూటరుపై నిర్మించిరి. దాని పేరు ‘మడ్’. బొమ్మలు లేవు, అంతయు అక్షరములే. అందు పరమపదము మంత్రగాని హోదా; తగినన్ని మార్కులు గడించినవాడు ఆ హోదా పొంది ఆ లోకపు పరిపాలనలో పాలుగొనును. ఇచటనుండి మాయ వట్టి అలంకారము కాదు, ఆవశ్యకమయ్యెను. ఏలయన, నలుగురు కూడి ఆడు లోకమున చచ్చినవాడు మరల రావలెను. రానిచో రుసుము చెల్లించువాడు ఉండడు. చరిత్రలో చచ్చినవాడు తిరిగివచ్చు ఉపాయము లేదు. 1997లో వెలువడిన ‘అల్టిమా ఆన్‌లైన్’ ఈ చిక్కును ఎంత సొగసుగా విప్పినదో చూడుడు: చచ్చిన ఆటగాడు బూడిదరంగు ప్రేతమై తిరుగును; ఆతడేమి పలికినను బ్రతికియున్నవారికి ‘ఊ ఊ’ అను అక్షరములుగానే కనబడును; వైద్యుడో, దేవస్థానమో దొరకినపుడు మరల దేహము వచ్చును. చావునకు లజ్జ, శ్రమ, కొంత హాస్యము కలిపి ఒక ఆచారమునే కల్పించిరి. ఇంతటి పని చరిత్ర చేయజాలదు.

చరిత్రపక్షము వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1985లో కంప్యుసర్వ్ అను ఆన్‌లైన్ సేవవారి తంతులమీద ‘ఐలండ్ ఆఫ్ కెస్మాయ్’ అను మాయాద్వీపమును నడపిన సంస్థయే, ఆ దశకము ముగియకమున్నే ‘ఎయిర్ వారియర్’ అను పేర రెండవ ప్రపంచయుద్ధపు విమానములను పెక్కుమంది చేతికిచ్చి ఎగురవేయించెను. ఒకే అంగడిలో రెండు సరకులును అమ్ముడుపోయెను. ఆ మార్గమున మిక్కిలి సాహసించినది ‘వరల్డ్ వార్ టూ ఆన్‌లైన్’. పశ్చిమైరోపా నేలను సగము ప్రమాణమున నిర్మించి, నార్మండీ దండయాత్ర వార్షికదినమని 2001 జూన్ 6వ తేదీననే విడుదల చేసిరి. సర్వరులు ఆ భారమునకు ఓర్వలేక విడుదల రసాభాస అయ్యెను. నిలద్రొక్కుకొనిన పిమ్మట కూడ అందు యుద్ధభూమికి చేరుటయే పెద్దపని: ఒక ఆటగాడు లారీ నడపును, తక్కినవారు వెనుక కూర్చుండి పొలములు, చెట్లవరుసలు చూచుచు పోవుదురు, ఎచటినుండియో వచ్చిన ఒక్క గుండు ఆ ప్రయాణమునంతయు వ్యర్థము చేయును. ఇది యుద్ధమునకు ఎంత సన్నిహితమో వినోదమునకు అంత దూరము. 2004 నవంబరులో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’, మరుగుజ్జులను, మాంత్రికులను, రెక్కల సింహములను చూపి, 2010నాటికి కోటి యిరువది లక్షలమంది చందాదారులను గడించెను. బజారులో తీర్పు వెలువడినట్లే.

అయినను చరిత్రరసికత చావలేదు. అది అనుకోని చోట మొలచెను. టర్కీ దేశపు టేల్‌వరల్డ్స్ సంస్థ నిర్మించిన ‘మౌంట్ అండ్ బ్లేడ్’నందు దేశము కల్పితము, రాజులు కల్పితులు. కాని మంత్రమొక్కటియు లేదు, కత్తివ్రేటు గుఱ్ఱపు వేగమునుబట్టి బలపడును. దాని అనుబంధముగా 2012లో వచ్చిన ‘నెపోలియనిక్ వార్స్’నందు అభిమానులు తమంతట తామే ఒక ఆచారమును నెలకొల్పిరి. నిర్ణీత సమయమున ఇరువైపుల పటాలములు కూడును. ఒక్కొక్క పటాలమునకు పేరు, అధికారి, కవాతు కలవు. ఒకడు డప్పు వాయించును, ఒకడు పిల్లనగ్రోవి ఊదును. వారిచేత తుపాకి లేదు, అయినను ఆ పనికి ముందుకు వచ్చువారుందురు. అధికారి ఆజ్ఞ యగువఱకు ఎవడును కాల్పరాదు, వరుస తప్పరాదు, ఎదుటివారి తుపాకులు తమవైపు వంగుట చూచుచు నిలువబడవలెను. ఒక్క మారు ప్రేల్చిన పిమ్మట మందు దట్టించుకొనుటలో ఎన్ని ప్రాణములు పోవునో! ఆటలో ఏ నిబంధనయు వారిని ఇట్లు నిలువుమని నిర్బంధింపలేదు. చెట్టుచాటున దాగికొనినచో గెలుపు సులభము. వారు గెలుపును విడిచి చరిత్రను ఎన్నుకొనిరి. నా మతమున ఆన్‌లైన్ క్రీడలలో చరిత్రసత్యమునకు ఇంతకు మించిన దృష్టాంతము లేదు.

సత్యము కావలెనని గట్టిగా అరచువారందఱును ఇట్టివారు కారు. 1999నుండి ఎందఱో ఆడిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగములో సన్న్యాసి దూరమునుండి మంత్రము జపించినంతనే శత్రువు ఏనుగు రంగుమారి మన పక్షమున చేరును. చరిత్రాభిమాని దీనిని చూచి ఏనాడును అలుగలేదు. 2016నాటి ‘బాటిల్‌ఫీల్డ్ 1’ మొదటి ప్రపంచయుద్ధపు కందకములలో, ఆనాడు నమూనా దశ దాటని యంత్రతుపాకులను ఎవరడిగిన వారికి పంచిపెట్టెను. ఆంగ్లేయునిచేతను, జర్మనుచేతను నిజముగా నుండినవి గుండు గుండుకును గడియ లాగవలసిన రైఫిళ్ళు. దానికిని పెద్ద అలజడి లేదు. కాని 2018 మేలో ‘బాటిల్‌ఫీల్డ్ 5’ ప్రకటనచిత్రమున కృత్రిమహస్తము గల స్త్రీయొకతె తుపాకి పట్టి కనబడగానే చరిత్ర మైలపడినదని గగ్గోలు పుట్టెను. కృత్రిమహస్తముతో ముందు వరుసన పోరు సైనికురాలు అరుదే, ఒప్పుకొందము. కాని సోవియట్ సైన్యమున లూద్మిలా పావ్లిచెంకో గుఱిపెట్టి మూడు వందల తొమ్మిదిమందిని కూల్చినట్లు లెక్కయున్నది. రాత్రివేళ బాంబులు వేయు విమానదళమును స్త్రీలే నడపిరి. పది సెకండ్లకొకసారి చచ్చి బ్రతుకుటకు అడ్డుచెప్పని సత్యనిష్ఠ, స్త్రీ కనబడగానే మేల్కొనుట సత్యనిష్ఠ కాదు, అలవాటు. తెలుగువారము మనకీ సందేహము కూడదు. నల్లగొండ సీమయందలి చందుపట్ల శాసనము రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జునుడును శివసాన్నిధ్యము పొందిరని 1289లో చెప్పుచున్నది, వారు రణమునందే కూలిరని చరిత్రకారులు ఊహించుచున్నారు.

ఇటీవల ఈ తగవులో మూడవవాడు ప్రవేశించెను, వాడు వ్యాపారి. ఆటను ఉచితముగా నిచ్చి వేషములమ్మి ధనమార్జించు పద్ధతి బలపడినది మొదలు, చరిత్రకు నిజమైన శత్రువు మంత్రగాడు కాడు, దర్జీ. సైనికుని ఉడుపు అందఱికిని ఒక్కటిగా నుండుటకే ఏర్పడినది. అందఱివలె కనబడుటకు డబ్బు చెల్లించువాడెవడు? కనుకనే రెండవ ప్రపంచయుద్ధము పేర నడచిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ఆటలో 2022లో అమెరికా పాటగాడు స్నూప్ డాగ్ సైనికుడై ప్రత్యక్షమయ్యెను. గైగాక్స్ మంత్రగానికి ఫిరంగి కొలతయైనను ఉండెను. ఈ వేషములకు ధర తప్ప వేఱు కొలత లేదు.

చరిత్రసత్యము గుండీలలోను, తుపాకి నమూనాలలోను లేదు; మనుష్యుడు చేయజాలని పనులలో నున్నది. రెండు నిమిషములలో ఇంత దూరమే నడువగలము, ఎదిరి యెచటనున్నదో తెలియదు, ఆజ్ఞ వచ్చువఱకు నిలువవలెను అను నిర్బంధములను పాటించు ఆటలో రాక్షసుడున్నను అది రైస్విట్జ్ సంతానమే. వానిని విడిచిన ఆటలో గుండీలన్నియు సరిగా నున్నను అది వట్టి వేషము. హైదరాబాదులో ఆటలు నిర్మించు మన యువకులు ఎన్నడైన ఓరుగల్లును చేపట్టినచో వారికి నా మనవి యొక్కటి. రుద్రమ చేతికి మీరు ఏ దివ్యఖడ్గమిచ్చినను ఆక్షేపింపను. కాని వెలుపలి మట్టికోటను, నీటి అగడ్తను, లోపలి రాతికోటను ఉన్నట్లు కట్టుడు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలూగ్ ఖాన్ సేనలు నెలల తరబడి చుట్టుముట్టియుండగా కోటలోని గాదెలలో ధాన్యము దినదినము ఎట్లు తఱుగునో, ఆ లెక్కను ఆటలో తప్పక పెట్టుడు.